కుక్కపిల్ల వచ్చినవాళ్ల మీద కాళ్లేస్తోంది, మోకాలితో పొడిస్తే మానుతుందా?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర పల్లెలో ఉంటున్నారు, నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది, ఇంటికి ఎవరొచ్చినా పరుగున వెళ్లి మీద కాళ్లేస్తోంది, కసిరితే ఇంకా రెచ్చిపోతోంది. సంక్రాంతికి డెబ్బై ఆరేళ్ల మీ అమ్మమ్మగారు వస్తున్నారు, ఇంకా ఆరు వారాలే టైముంది. ఎగిరినప్పుడు మోకాలెత్తి దాని రొమ్ముకి తగిలేలా పొడిస్తే రెండు రోజుల్లో మానేస్తుందని ఎవరో చెప్పారు, అలా చేయొచ్చా అని.

వద్దండి. మోకాలితో పొడవొద్దు, వెనక కాళ్లు తొక్కొద్దు, ముందు కాళ్లు పట్టుకుని నొక్కొద్దు. ఆరు వారాలు పట్టుగా చేస్తే అవేవీ లేకుండానే చాలావరకు మానుతుంది. చేయాల్సింది ఒక్క ముక్కలో చెప్తాను. మీద కాళ్లేసినంతసేపూ దానికి ఏమీ దొరకకూడదు, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న క్షణం అన్నీ దొరకాలి. అన్నీ అంటే తిండి ఒక్కటే అనుకోకండి, మీ చూపు, మీ మాట, మీ చెయ్యి కూడా. ఈ విషయంలో ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అసలు కష్టం అక్కడే, కుక్కపిల్లకి నేర్పడం దాని కంటే తేలిక.

మాది రాజోలు వైపు. ఇరవై రెండేళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను, అందులో పదమూడేళ్లుగా అడిగినవాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్ల కుక్కలకి నేర్పిస్తున్నాను. నన్ను ఎక్కువగా పిలిచేది ఈ సమస్యకే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అదెందుకు ఎగురుతుందో తెలిస్తే మీకు కోపం సగం తగ్గుతుంది. కుక్కలు ఒకదాన్నొకటి పలకరించుకునేది మొహం దగ్గర మొహం పెట్టి. తోడేలు పిల్లలైతే వేట నుంచి వచ్చిన పెద్దవాటి మూతి నాకుతాయి, అలా నాకితే అవి తిన్నది కక్కి పెడతాయి. ఆ అలవాటు మన ఇంటి కుక్కల్లోనూ మిగిలే ఉంది. మీ పిల్లకి మీ మొహం కావాలి, అదేమో అయిదడుగుల ఎత్తున ఉంది, ఎగరక ఏం చేస్తుంది చెప్పండి. దీనికి తోడు మనమే అలవాటు చేశాం. నలభై అయిదు రోజుల పిల్లని తెచ్చిన రోజు అది మోకాలి మీద కాళ్లు పెడితే అబ్బో అని ఎత్తుకుని ముద్దు చేయని ఇల్లు ఒక్కటి కూడా నేను చూడలేదు. అప్పుడది మూడు నాలుగు కిలోలు. ఇప్పుడు పన్నెండు పదిహేను కిలోలు ఉంటుంది, పెద్దదైతే ముప్పై దాటొచ్చు. అది చేసే పని మారలేదు, బరువు మారింది అంతే. నిన్నటిదాకా ముద్దుచేసిన పనికి ఇవాళ తిట్లు ఎందుకొస్తున్నాయో దానికి అర్థం కాదు.

ఇక కసిరితే ఎందుకు ఎక్కువవుతోంది అంటారా. మొన్నామధ్య మండపేటలో ఒకరింటికి వెళ్లినప్పుడు ఏమీ చెప్పకుండా వరండాలో కుర్చీ వేసుకుని కాసేపు చూశాను. ఇంటాయన గేటు తీసుకుని లోపలికి వచ్చారు, పిల్ల వచ్చి ఆయన తొడ మీద రెండు కాళ్లూ వేసింది. ఆయన వంగి దాని మొహంలోకి చూసి 'ఏయ్, దిగు, దిగంటే' అని గట్టిగా అని రెండు చేతులతో రొమ్ము పట్టుకుని వెనక్కి తోశారు. అది రెండడుగులు వెనక్కి పడి, ముందు కాళ్లు చాచి, నడుం పైకెత్తి, తోక గిరగిరా తిప్పి మళ్లీ దూకింది. ఆ భంగిమ చూశారా, అది కుక్కలు ఆటకి పిలిచే భంగిమ. ఆయన తిడుతున్నాననుకున్నారు, అదేమో నాన్న నాతో ఆడుతున్నాడు అనుకుంది. చూపు దొరికింది, గొంతు దొరికింది, ఒంటి మీద చెయ్యి కూడా పడింది. పొద్దుటి నుంచి ఒంటరిగా ఉన్న పిల్లకి అంతకంటే ఏం కావాలి.

మోకాలి సంగతి. ఆ సలహా చాలా పాతది, ఇంకా తిరుగుతూనే ఉంది. దెబ్బ కొంచెం అటూ ఇటూ అయితే పక్కటెముకకి తగులుతుంది, ఎదిగే పిల్ల కదా. నాకు అంతకంటే భయం ఇంకోటి. రావులపాలెం వైపు ఒక ఇంట్లో ఇలాగే చేశారు, కుక్కపిల్ల ఎగరడం నిజంగానే వారంలో మానేసింది. పది నెలల వయసొచ్చేసరికి ఎవరైనా తిన్నగా ఎదురు నడిచి వస్తే మంచం కిందకి దూరి గుర్రుమనడం మొదలుపెట్టింది. మనిషి దగ్గరికి వస్తే నొప్పి వస్తుందని నేర్చుకుంది మరి. దానికి మళ్లీ మనుషుల మీద నమ్మకం కలిగించడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఎగిరే కుక్కని దించడం చాలా తేలిక, భయపడి గుర్రుమనే కుక్కతో ఇల్లు నడపడం చాలా కష్టం.

సరే, ఇప్పుడు చేసే పని. చుట్టాలతో మొదలుపెట్టకండి, మీతోనే మొదలుపెట్టండి. ఉడికించిన చికెన్ ముక్కలు శనగ గింజంత చేసి, ఉప్పూ కారం లేకుండా, ఒక చిన్న డబ్బాలో వేసి గేటు పక్కన ఉంచుకోండి. లోపలికి రండి. అది మీద పడగానే చేతులు కట్టుకుని, తల పైకెత్తి ఏ కొబ్బరి చెట్టు వైపో చూస్తూ కదలకుండా నిలబడండి. మాట వద్దు, 'నో' కూడా వద్దు. ఏదో ఒక క్షణంలో అది కిందికి దిగుతుంది. నాలుగో కాలు నేలకి తగలగానే, తగిలిన సెకనులోపే, 'గుడ్' అని ముక్కని నేల మీద, దాని ముందు కాళ్ల మధ్య పెట్టండి.

ఈ నేల మీద అన్నది పట్టించుకోండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ముక్కని వేళ్ల మధ్య పట్టుకుని బొడ్డు దగ్గర నుంచి కిందికి దించుతారు. దాని కళ్లు ముక్క మీదే ఉంటాయి, మీ చెయ్యి మోకాలి దాకా రాకముందే అది వెనక కాళ్ల మీద లేచి అందుకుంటుంది. ఎగిరింది, తినింది, లెక్క సరిపోయింది దానికి. అందుకని ముక్కని అరచేతిలో మూసి, గుప్పిట తొడకి ఆనించి తిన్నగా కిందికి జార్చి, నేలకి ఆనాకే వేళ్లు తెరవాలి. నాలుగైదు సార్లు చేసేసరికి మీరు గేటు తీయగానే దాని కళ్లు మీ మొహం వదిలేసి నేల వెతకడం మొదలవుతుంది. అలా తల దించుకుని వెతుకుతున్న కుక్క ఎగరలేదు కదా.

దీంతోపాటే 'సిట్' నేర్పండి. ముక్క దాని ముక్కు మీద నుంచి నడినెత్తి వైపుకి మెల్లగా జరిపితే తల పైకి లేచి నడుం దానంతటదే కింద పడుతుంది. పూటకి మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు చాలు, అంతకు మించి దానికి ధ్యాస నిలవదు. అన్నం గిన్నె పెట్టేముందు సిట్, తలుపు తీసేముందు సిట్, బంతి వేసేముందు సిట్. కూర్చోవడం, ఎగరడం ఒకేసారి కుదరవు కాబట్టి ఎగరొద్దని ఆపడం కంటే కూర్చునే పని ఇవ్వడం మేలు. వంటగదిలో ప్రశాంతంగా ఉన్నప్పుడే కూర్చోని పిల్ల గేటు దగ్గర చుట్టాలొచ్చినప్పుడు కూర్చుంటుందని మాత్రం ఆశపడకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీరు పట్టించుకోవడం మానేసిన మొదటి మూడు నాలుగు రోజులు ఇంకా ఎక్కువ చేస్తుంది. ఎగురుతుంది, మొరుగుతుంది, గోళ్లతో గీరుతుంది, లుంగీ పట్టుకు లాగుతుంది. ఇన్నాళ్లు పనిచేసిన పద్ధతి ఒక్కసారిగా పనిచేయకపోతే గట్టిగా ప్రయత్నించడం సహజమే కదా. చాలామంది సరిగ్గా ఈ రోజుల్లోనే 'ఇది మా కుక్కకి పనిచేయదండి' అని వదిలేస్తారు. అయిదో రోజు విసుగొచ్చి చెయ్యి వేశారో, అయిదు రోజులు పట్టు పడితే దొరుకుతుందని దానికి నేర్పినట్టే. మన కాలవ గట్ల మీద గాలం వేసుకుని కూర్చునేవాళ్లని చూడండి, చేప ప్రతిసారీ పడదు, ఎప్పుడో ఒకసారి పడుతుంది కాబట్టే పొద్దుపోయేదాకా లేవరు. మీ పిల్లకి కూడా పదిసార్లలో ఒకసారి దొరికితే ఆ పదీ ఎగురుతుంది.

అందుకే కేవలం పట్టించుకోకుండా ఉండటం మీద నేను ఆధారపడను. లాబ్రడార్‌లకి ఎగరడమే ఒక సరదా, మీరు చూడకపోయినా దానికి సంతోషమే. పైగా వచ్చినవాళ్లు మీరు చెప్పినట్టు నిలబడరు. కాబట్టి తాడు వాడండి. వరండా స్తంభానికి నాలుగైదు అడుగుల తాడు కట్టండి, మెడకి మామూలు బెల్టు గానీ రొమ్ముకి పట్టీ గానీ ఉండాలి, బిగుసుకునే గొలుసు వద్దే వద్దు. మీరు పది అడుగుల అవతల నుంచి దాని వైపు నడవండి. ఎగిరిందా, ఆగి రెండడుగులు వెనక్కి వెళ్లండి. కూర్చుందా, లేదా కనీసం నాలుగు కాళ్ల మీద నిలబడిందా, ముందుకు రండి. దగ్గరికి వచ్చాక కూడా కిందే ఉంటే ముక్క పెట్టి, గడ్డం కింద మెల్లగా గోకండి. నెత్తి మీద తట్టకండి, తడితే మళ్లీ పైకి లేస్తుంది. దానికి అర్థమయ్యేది ఇది: నేను ఎగిరితే మనిషి వెళ్లిపోతాడు, కూర్చుంటే మనిషి వస్తాడు. మీరు చేశాక ఇంట్లో ఒక్కొక్కరూ చేయాలి, తర్వాత పక్కింటివాళ్లు, వాళ్ల పిల్లలు. ఒక సాయంత్రం పదిమంది వంతులవారీగా వచ్చి వెళ్తే అది నేర్చుకున్నది ఒకే మనిషితో పది రోజులు చేసినదానికంటే గట్టిగా నిలుస్తుంది. అయితే తాడుకి కట్టి వదిలేసి లోపలికి వెళ్లిపోకూడదు, మీరు దగ్గర ఉన్నంతసేపే.

నా అనుభవంలో ఈ పనికి అందరికంటే బాగా పనికొచ్చే మనిషి పాలు పోసే ఆయన. రోజూ రెండు పూటలా అదే టైముకి వస్తాడు, రెండు నిమిషాలు ఉంటాడు, వెళ్లిపోతాడు. మా తోట పక్క వీధిలో సిరి అని ఒక ఆడ లాబ్రడార్ పిల్ల ఉండేది, అది ఆయన మీద పడి రెండుసార్లు పాలు ఒలకబోసింది. ఆయనకి నేను డబ్బా ఇచ్చి ఒక్కటే చెప్పాను, 'బాబాయ్, అది కూర్చుంటేనే క్యాన్ మూత తియ్యి'. మొదటి వారం ఆయన గుమ్మం దగ్గర నిమిషాల తరబడి నిలబడాల్సొచ్చింది, పాపం ఏమీ అనలేదు. మూడో వారానికి సైకిల్‌కి తగిలించిన క్యాను పిడి టంగుమని వీధి మలుపులో వినపడగానే సిరి గేటు లోపల వచ్చి కూర్చునేది, తోకతో నేల మీద దుమ్ము ఊడుస్తూ. అది చూసినప్పుడల్లా నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

చుట్టాల విషయం వేరు. మన వైపు ఇంటికొచ్చినవాళ్లకి ఇలా చేయండి అలా చేయండి అని చెప్పడం మొహమాటం. వాళ్లేమో 'పర్లేదులెండి, మాకు కుక్కలంటే ఇష్టం, వదిలేయండి' అంటారు. ఆ పర్లేదే మీ మూడు వారాల కష్టాన్ని మింగేస్తుంది. గేటు తీయకముందే నవ్వుతూ చెప్పేయండి, 'ట్రైనింగ్ ఇస్తున్నామండి, అది కూర్చున్నాక ముట్టుకోండి' అని. నిజంగా ఇష్టపడేవాళ్లు ఎవరూ ఏమీ అనుకోరు, పైగా సాయం చేశామని సంబరపడతారు. చెప్పలేని పెద్దవాళ్లయితే వాళ్లకి చెప్పడం మానేసి పిల్లని తాడు మీద మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మీ అమ్మమ్మగారి సంగతి. ఇది మాత్రం చాలా సీరియస్‌గా తీసుకోండి. నా మొదటి కుక్కకి నేనేమీ నేర్పలేదు, అది ప్రేమగా ఎగిరితే మురిసిపోయేవాణ్ణి. ఒక శ్రావణ మాసంలో, ముసురు పట్టిన రోజు, వరండా గచ్చు తడిగా ఉంది, మా అమ్మ గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. అది బురద కాళ్లతో పరిగెత్తుకొచ్చి ఆవిడ మీద పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది, ఒక్కసారి కూడా కుక్కని ఏమీ అనలేదు. తప్పు నాది. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం కూడా ఉంది, అదైతే మణికట్టులా ఆరు వారాలతో పోదు.

కాబట్టి ఆరు వారాల్లో పిల్ల ఎంత బాగా నేర్చుకున్నా, పండక్కి దాని మీద భారం వేయకండి, మీరే ఏర్పాటు చేయండి. అమ్మమ్మగారు కారు దిగే టైముకి పిల్ల వెనక గదిలో ఉండాలి, నమలడానికి ఏదైనా ఇవ్వండి. సామాన్లు దింపడం, పలకరింపులు, కాఫీలు అయ్యాక, ఓ ఇరవై నిమిషాలకి ఇల్లు నెమ్మదిస్తుంది. ఆవిడ చేతుల కుర్చీలో కూర్చున్నాక తాడు మీ చేతిలో పట్టుకుని తీసుకురండి. కూర్చుంటే ఆవిడ చేత్తో ఒక ముక్క నేల మీద వేయించండి, వంగలేకపోతే మీరే వేయండి. ఆవిడ లేచి నడుస్తున్నప్పుడు పిల్ల వదులుగా ఉండకూడదు, మొదటి రెండు మూడు రోజులు ఇది తప్పదు.

పండగ రోజుల గురించి ఇంకో రెండు మాటలు. భోగి మంట దగ్గరికి పిల్లని తీసుకురాకండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే చుట్టాలు దారిలో మీ ఇంట్లో ఆగుతారు కదా, ఒకేసారి పదిహేను మంది గుమ్మంలోకి వస్తే అంత చిన్న పిల్ల తట్టుకోలేదు, ఆ గంటా దాన్ని లోపలే ఉంచండి. అరిసెలు, పొంగడాలు పెట్టొద్దు. పరమాన్నం అసలే వద్దు, అందులో కిస్‌మిస్ ఉంటుంది, కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి. ఎండు రొయ్యలు కూడా ముక్కలుగా వాడకండి, ఉప్పు ఎక్కువ.

గోళ్ల గీతల గురించి అందరికీ చెప్పే మాట మీకూ చెప్తాను. ఎగిరే పిల్ల ఉన్న ఇంట్లో ఎవరికో ఒకరికి గీరుకుంటుంది. చర్మం గీరుకుంటే వెంటనే పంపు కింద సబ్బుతో పావుగంట కడగాలి, పసుపు, కారం లాంటివి రాయకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకి చూపించాలి. రేబిస్ సూది అవసరమని వాళ్లు అంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే పద్ధతిలో, మొదటి సూది రోజుని 0గా లెక్కేసి, 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఒక్క తేదీ కూడా తప్పించకూడదు. కుక్కపిల్లకి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా పడాలి, తర్వాత బూస్టర్ ఉంటుంది. మీ పిల్లకి నాలుగు నెలలు కాబట్టి ఇవాళే కార్డు తీసి చూసుకోండి, పడకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. గోళ్ల చివర్లు పది పదిహేను రోజులకోసారి కత్తిరిస్తే గీతలు చాలా తగ్గుతాయి.

నిద్ర. ఇది ఎవరూ అడగరు, నేనే అడుగుతాను. ఈ వయసు పిల్ల రోజులో పదహారు గంటలకి పైగా పడుకోవాలి. ఉమ్మడి కుటుంబాల్లో ఒకరి తర్వాత ఒకరు పిల్లలు వచ్చి ఆడిస్తూనే ఉంటారు, సాయంత్రం ఏడయ్యేసరికి అది పిచ్చెక్కినట్టు ఎగరడం, కొరకడం. అది చెడ్డ కుక్క అయి కాదు, అలిసిపోయి నిద్ర చాలక. మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఎవరూ కదిలించని చోట పడుకోబెట్టి చూడండి, సగం ఎగురుడు దానంతటదే తగ్గిపోతుంది. పొద్దున్నే ఎండ ఎక్కక ముందు గట్టు మీద వాసన చూసుకుంటూ తిరగనివ్వండి, పరుగు కంటే వాసన చూడటం వల్ల దాని మనసు ఎక్కువ నిమ్మళిస్తుంది. కొరకడం గురించి కంగారు పడకండి, ఇప్పుడు పాలపళ్లు ఊడే కాలం, ఆరేడు నెలలకి పెద్ద పళ్లు వచ్చేస్తాయి.

ఇదంతా సంతోషంతో ఎగిరే పిల్ల గురించి. ఒళ్లు బిగబట్టి, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ మీదికి వస్తే అది వేరే విషయం, నేను చెప్పినవి చేయకండి, పశువుల డాక్టరుకి చూపించండి. ఎగురుతూ అక్కడే రెండు చుక్కలు ఉచ్చ పోస్తుంటే అది బెరుకు, తిట్టకండి, పక్కకి తిరిగి కింద కూర్చుని దాన్నే దగ్గరికి రానివ్వండి.

కుక్క పెద్దదైపోయింది, ఇంక రాదేమో అని ఎవరైనా చదువుతుంటే, వస్తుంది. భీమవరం వైపు రొయ్యల చెరువు కాపలా ఉండే మూడేళ్ల ఊరకుక్క మేత తెచ్చే కుర్రాడి మీద రోజూ ఎగిరేది, ఆ కుర్రాడు ఎగిరినప్పుడే అన్నం ముద్ద వేసేవాడు మరి. కూర్చుంటేనే ముద్ద అని మార్చాం, మూడు నెలలు పట్టింది.

మీరు ఇవాళే మీతో మొదలుపెట్టండి, బయటివాళ్లలో రేపు పొద్దున పాలు పోసే ఆయనతోనే మొదలుపెట్టండి, ఆయనకి ఇవాళ సాయంత్రమే చెప్పి ఉంచండి. క్యాలెండర్ మీద రోజుకి ఎన్నిసార్లు ఎగిరిందో గీతలు పెట్టుకోండి, మొదటి మూడు నాలుగు రోజులు పెరుగుతాయి, బెదరొద్దు. పదో రోజుకి కూడా తగ్గకపోతే ఇంట్లో ఎవరో చాటుగా ముద్దు చేస్తున్నారని అర్థం, ఎవరో కనుక్కుని నాకు రాయండి, వాళ్లకి ఏ పని అప్పజెప్పాలో చెప్తాను.